మా గోడపత్రిక

మా గోడపత్రికలో తెలుగు ఎడమనుండి, ఉర్దూ కుడినుండి సాగి నడుమ కలుసుకొంటాయి. తొలినాళ్లలో దానిముందు నిలబడ చోటుండేది కాదు. నేడు ప్యూనుగారొక్కరే ఆగుతున్నారు, అదీ మేకులు ఊడినవేమో చూచుటకే.

సెల్‌ఫోనులను నిందించి కొన్నాళ్లు ఊరట చెందాము. కాని 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన ‘భారతి’ 1991లోనే ఆగిపోయింది. నాడు పాఠకుల చేతిలో ఏ సెల్‌ఫోనున్నది?

పాత సంచికలు తిరగవేశాము. ఒక్కొక్కదానిలో పదిమంది వ్రాతలు: హాస్టలు పప్పుపై ఫిర్యాదు, దర్గా ఉర్సు ముచ్చట్లు, నానీ చెప్పిన పొడుపుకథలు. వ్రాసినవారు తమ మిత్రులను వెంటబెట్టుకొని వచ్చి చూపించుకొనేవారు. క్రమేణా ‘ప్రమాణాల’ పేరిట అట్టివాటిని మేమే నిరాకరించాము. గత ఆరు సంచికలలోనూ రెండు భాషలకూ కలిపి మా ముగ్గురి పేర్లే!

నిరాకరించిన కాగితాలు బీరువా అడుగు అరలో ఇంకను ఉన్నవి. రాబోవు సంచికను పప్పుతోనే ఆరంభిస్తున్నాము.