పెన్న పుట్టిన కొండను ఇంటికి తేవడం

మా ఇంట్లో నెల్లూరు మాట రాని రోజుండదు గాని, నెల్లూరు చూసినవాళ్ళు మాత్రం తక్కువ. మా ముత్తాతగారు పెన్న ఒడ్డు విడిచి బెంగుళూరు చేరి నాలుగు తరాలైంది. అప్పటినుంచి మేము రాగిముద్ద తిన్నాము, వీధిలో కన్నడం మాట్లాడాము, ఇంట్లో తెలుగు నిలుపుకున్నాము. మా నాయనగారు మాత్రం ఈనాటికీ మొదటి చెంబు నెత్తిన పోసుకుంటూ గంగమ్మ కంటె ముందు పినాకినినే తలుచుకుంటారు.

ఆ పినాకిని పుట్టిల్లు మనకు 60 కిలోమీటర్ల దూరాన, నంది కొండల్లోనే ఉన్నది. ఇన్నేళ్ళూ ఇక్కడే ఉండి నాయనగారు దాన్ని చూడలేదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ తీరిక లేకపోయె, తీరిక దొరికేసరికి చూపు పోయె. ఆయనకిప్పుడు 87 ఏళ్ళు. దూరపు వస్తువు ఆనదు. కాగితాన్ని కళ్ళకు జానెడు దూరంలో పట్టుకుని, ఎండపొడలో కూర్చుంటే, పెద్ద అక్షరాలు పోల్చుకుంటారు. కొండమీదికి మోటారు దారి ఉంది, కారులో తీసుకుపోవచ్చు. కాని తీసుకుపోయి ఏం చూపించను?

"నేను కొండ దగ్గరికి పోలేను గాని, కొండనే నా కళ్ళ ముందరికి పట్టుకురారా" అన్నారు సంక్రాంతి నాడు. మిగిలిన చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని కంటి డాక్టరు అన్నది ఆ ముందు వారమే.

నేను ఫొటోల విద్యలో పసివాణ్ణి. ఉద్యోగం నుంచి దిగిన తరువాత అబ్బాయి కొనిచ్చిన కెమేరా, 70 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా సాగే లెన్సు ఒకటి, ఇదీ నా సరంజామా. 200 సరిపోదని తెలుసు. పెద్ద లెన్సు కొనాలంటే నా పింఛను చాలదు. అప్పుడొక మిత్రుడు టెలికన్వర్టరు సంగతి చెప్పాడు. అది లెన్సుకూ కెమేరాకూ నడుమ బిగించే పొట్టి గొట్టం. అందులోని గాజుబిళ్ళలు లెన్సు తెచ్చిన బొమ్మను మరింత విప్పార్చి, మధ్యభాగాన్ని మాత్రమే కెమేరాకు అందిస్తాయి. టెలిస్కోపుల్లో ఇదే పని చేసే కటకానికి పీటర్ బార్లో అనే ఆంగ్లేయ గణితవేత్త పేరున్నది. 1.4 రెట్లు పెంచేది, 2 రెట్లు పెంచేది అని వీటిలో రెండు రకాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

ఇక్కడొక హెచ్చరిక. ప్రతి లెన్సుకూ ఇది సరిపోదు. కొన్ని గొట్టాల ముందరి గాజు బయటికి పొడుచుకువచ్చి లెన్సు వెనకటి గాజును తాకుతుంది. తయారుచేసినవారి జాబితా చూసుకోకుండా కొన్నందుకు నా మొదటి గొట్టాన్ని తిప్పి పంపవలసివచ్చింది.

రెండోసారి ఆశకొద్దీ 2 రెట్లదే తెప్పించాను. లెక్క బాగానే ఉంది మరి. 400 మీటర్ల ఎత్తు లేచిన కొండ 8 కిలోమీటర్ల అవతల ఉందనుకోండి. 200 లెన్సుతో దాని బొమ్మ కెమేరా లోపల 10 మిల్లీమీటర్ల ఎత్తు పడుతుంది. అక్కడున్న చోటు 24 మిల్లీమీటర్లు. 2 రెట్ల గొట్టం వేస్తే కొండ 20 మిల్లీమీటర్లై దాదాపు నిండుతుంది. కాగితం మీద అంతా సుఖమే!

శివరాత్రి వెళ్ళిన వారం, భోజనాలు చేసి, మధ్యాహ్నం బయలుదేరాను. అది మొదటి తప్పు.

నంది కొండ 1,478 మీటర్ల ఎత్తు. దిగువన నంది పల్లెలో భోగనందీశ్వరుడు, పైన యోగనందీశ్వరుడు. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, అర్కావతి, ఇన్ని నదులు ఈ చుట్టుపక్కల కొండల్లోనే పుట్టి తలా ఒక దిక్కుకు పోతున్నాయి. దక్షిణ పినాకిని అరవదేశం దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన పెన్న ఉత్తరంగా నడిచి, హిందూపురం సీమ తాకి, గండికోట దగ్గర కొండను కోసుకుని, సోమశిల దాటి, నెల్లూరు మీదుగా 597 కిలోమీటర్లు పోతుంది. దిగువన కనబడే పల్లెల్లో ముద్దేనహళ్ళి ఒకటి. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరది. ఆయన ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండానిది. వలస వచ్చిన తెలుగువాడు ఈ కొండల నీడన ఎంత ఎదిగాడో అనుకుంటే మనసుకు హాయిగానే ఉంటుంది.

పెన్న పుట్టిన కొండ ఏదో నాకు పోల్చుకోరాలేదు. పుస్తకాల్లో చన్నకేశవ కొండ అని ఉన్నది, జనం చన్నగిరి అంటారు. జామకాయలమ్మే ఆమెను కన్నడంలో అడిగితే నా యాస పట్టేసి తెలుగులో జవాబిచ్చింది. "అదో సామీ, ఎద్దు మూపురం మాదిరి ఉండాదే, అదే." చిక్కబళ్ళాపురం సీమలో తెలుగుకు కరువు లేదు. ఆ మాటల్లో ఉండగానే ఒక కోతి వచ్చి నా లెన్సు మూత పట్టుకుపోయింది. జామకాయ ఇస్తే గాని విడవలేదు.

గొట్టం బిగించి, చేత్తో పట్టుకుని, ముప్పై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి అచ్చు వేయించి నాయనగారి చేతికిచ్చాను. జానెడు దూరాన పట్టుకుని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేమిరా, పాలల్లో ముంచిన గుడ్డ మాదిరి ఉంది" అన్నారు. తరువాత నన్ను నొప్పించాననుకున్నారో ఏమో, "నా కళ్ళే అంతలే" అన్నారు. తప్పు ఆయన కళ్ళది కాదు. నా కళ్ళకూ అలాగే ఉంది.

ఏమి జరిగిందో తెలుసుకోవడానికి నాకు వేసవి అంతా పట్టింది. గొట్టం కొండను ఊరికే పెంచి ఇవ్వదు, వెలుతురు రూపంలో వెల పుచ్చుకుంటుంది. 2 రెట్లు పెంచితే కెమేరాకు అందే వెలుతురు నాలుగో వంతు. నాది f/4 లెన్సు, గొట్టంతో f/8 అయింది. సెకండులో 400వ వంతులో అయ్యే పనికి 100వ వంతు సెకండు కావలసివచ్చింది. 400 మిల్లీమీటర్లతో చేతిలో పట్టి తీసేవాడికి కనీసం 400వ వంతు వేగమైనా ఉండాలని మామూలు లెక్క. నా చేతి వణుకు కూడా కొండతోపాటు రెట్టింపైందన్నమాట. అంత తక్కువ వెలుతురులో కెమేరా తనంత తాను ఫోకసు పట్టలేక ముందుకూ వెనక్కూ తడుముకుంది. లెన్సులో ఉన్న లోపం కూడా రెట్టింపే.

వీటన్నిటినీ మించినది గాలి. మనకూ కొండకూ మధ్య ఉన్న దుమ్ము, తేమ, మధ్యాహ్నం నేలమీదినుంచి లేచే వేడి గాలి రెపరెప, వీటిని ఏ గొట్టమూ తీసివేయదు. కొండ పెరిగితే మసకా పెరుగుతుంది. మాఘ ఫాల్గుణాల్లో మిట్టమధ్యాహ్నం దూరపు కొండను తీయబోవడం నావంటి తెలివైనవాడు చేసే పని.

గొట్టం లేకుండా తీసిన ఫొటోను కత్తిరించి పెద్దది చేసి పక్కన పెట్టి చూశాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుచేత కొత్తవాళ్ళకు నా సలహా అడిగితే, మంచి లెన్సు లేనివాడు గొట్టం కొనడం దండుగ అంటాను. మంచి లెన్సున్నా 1.4 రెట్లదే కొనమంటాను. అది వెలుతురులో సగం మాత్రమే తీసుకుంటుంది. నా f/4 అప్పుడు f/5.6 దగ్గర ఆగుతుంది. కొండ 20 మిల్లీమీటర్లకు బదులు 14 అవుతుంది, కాని కొండగా ఉంటుంది.

గొట్టం మార్చుకున్నాను, మూడు కాళ్ళ స్టాండు కొన్నాను. తరువాత కావలసింది వాన. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా కొండలను మబ్బు మూసేసింది. ఈలోగా నాయనగారు పత్రికలో పెద్ద శీర్షికలు చదవడం కూడా మానుకున్నారు. "వాన వెలిసిందా?" అని మాత్రం రోజూ అడిగేవారు. పంటల కోసం అడుగుతున్నారని మా ఆవిడ అనుకునేది.

కార్తీకంలో రెండు రోజులు కురిసి వెలిసిన మర్నాడు చీకటితోనే పోయాను. తెల్లవారేసరికి కింద అంతా మంచు, పాలసముద్రం. చూడవచ్చిన కుర్రకారు కేకలు పెట్టారు. నాకు కావలసింది ఆ సముద్రం కాదు, అది తొలగిన తరువాతి కొద్ది నిమిషాలు. స్టాండు కాళ్ళు పొట్టిగా పరిచి, గాలికి కదలకుండా నడుమ సంచీ వేలాడదీశాను. లెన్సులో వణుకు ఆపే మీట ఉంటుంది. స్టాండు మీద అది ఒక్కొక్కప్పుడు మేలుకన్న కీడు చేస్తుందని ఆపేశాను. తెరమీద కొండ అంచును పెద్దదిగా చేసుకుని, చేత్తోనే ఫోకసు తిప్పాను. మీట నొక్కితే కూడా కెమేరా అదురుతుంది కనుక, నొక్కిన రెండు సెకండ్లకు గాని ఫొటో పడకుండా ఏర్పాటు చేశాను.

మంచు విడింది. ఎండ పక్కవాటుగా తగిలి కొండ వీపున ప్రతి మడతకూ నీడ వచ్చింది. దూరాన్నుంచి చూడడం వల్ల వెనకటి వరుసలన్నీ అప్పడాల కట్టలాగ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు దగ్గరగా నిలబడ్డాయి. తొమ్మిది ఫొటోలు తీశాను. తరువాత మళ్ళీ మసక కమ్మింది.

వాటిలో ఒకదాన్ని గోడ క్యాలెండరంత అచ్చు వేయించాను. నలుపు తెలుపుల్లోనే వేయమన్నాను, నాయనగారి కళ్ళకు రంగులకన్న అదే తేలికని. పొద్దున తొమ్మిదింటికి వరండాలో ఎండపొడలో కూర్చోబెట్టి చేతికిచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వేలితో కొండ మూపురం పట్టుకుని, నెమ్మదిగా వాలు వెంబడి కిందికి జరుపుకుంటూ వచ్చారు. వేలు సరిగ్గా మడత నీడలోనే నడిచింది. కాగితం చివర ఆగింది.

"కొండ బాగుందిరా. నీళ్ళేవి?"

"ఇంత దూరాన్నుంచి నీళ్ళు కనబడవు నాయనా. అక్కడ పుట్టేటప్పుడు సన్నటి ఊటేగా."

"అయితే ఈసారి దగ్గరికే పోయి తీయి. ఆ గొట్టం ఇంట్లో పెట్టి పో" అన్నారు. "పోతే ఒక చెంబు కూడా తీసుకుపో."