మీరు టెడ్ వైపా, జో వైపా?

రండి, కూర్చోండి. అమెరికా బేస్‌బాల్ అంకెలు మనకెందుకని మొహం అలా పెట్టకండి. క్రికెట్ సగటులు కంఠతా పట్టి పెరిగినవాళ్లం, ఈ రుచి మనకు కొత్తా?

ఇద్దరు బ్యాటర్లు. బోస్టన్ రెడ్ సాక్స్‌లో టెడ్ విలియమ్స్, న్యూయార్క్ యాంకీస్‌లో జో డిమాజియో. (ఆ, మార్లిన్ మన్రోని పెళ్లాడిన డిమాజియోనే. ఆ కబురు ఇంకోసారి.) టెడ్ కెరీర్ సగటు 0.344, జోది 0.325. అక్కడ సగటంటే పరుగులు కాదండోయ్, హిట్ల లెక్క, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినవి. పదింటికి మూడు హిట్లు పడితే మొనగాడే! హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) టెడ్‌వి 521, జోవి 361. ఇంకేముంది, టెడ్ గెలిచాడంటారా? అంత తొందరైతే ఎలాగండీ!

ఆ 361 పక్క గడి చూడండి. జో స్ట్రైకౌట్లు, అంటే బంతిని కొట్టలేక అవుటైనవి, 369. పదమూడు సీజన్లు కలిపి! బంతిని గ్యాలరీలోకి పంపాలని ఊపేవాడి బ్యాటు మామూలుగా గాలినే ఎక్కువసార్లు కొడుతుంది. ఈయన 1941లో 30 హోమ్ రన్లు కొట్టాడు, స్ట్రైకౌట్ అయింది 13 సార్లు. ఏడాది పొడుగునా పదమూడే! ఆ గడి దగ్గరికొస్తే నాకు పేజీ తిప్పబుద్ధి కాదు.

టెడ్‌ది ఇంకో అందం. నచ్చని బంతిని ముట్టడు. పిచర్లు భయపడి బంతులు పక్కకేస్తే హాయిగా ఫస్ట్ బేస్‌కి నడిచిపోయేవాడు. అలాంటి వాక్‌లు 2,021. వందసార్లు బ్యాటింగ్‌కి దిగితే 48 సార్లు బేస్ చేరాడు. మేజర్ లీగుల్లో కెరీర్ మొత్తానికి ఇంతకు మించినవాడు లేడు. 1943 నుంచి 45 దాకా యుద్ధం ఇద్దరి సీజన్లూ మింగేసింది. టెడ్‌నైతే కొరియా యుద్ధానికి మళ్లీ పిలిచి జెట్ విమానం ఎక్కించారు. ఆ ఏళ్లు కూడా ఆడి ఉంటే? అబ్బ, ఊహించుకుంటేనే ఎంత బాగుందో!

ఇక 1941. జో వరసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు. దేశమంతా రోజూ అదే గోల. ఆ రోజుల్లో ఆయన సగటు 0.408. సరిగ్గా అవే రోజుల్లో టెడ్ సగటెంతో చెప్పుకోండి? 0.412! సీజన్ ఆఖరి రోజుకి టెడ్ 0.39955 దగ్గరున్నాడు. ఆడకుండా కూర్చుంటే పుస్తకంలో 0.400 అని రాసేవారు. కూర్చుంటాడా? ఫిలడెల్ఫియాలో రెండు మ్యాచ్‌లూ ఆడి, ఎనిమిదింటికి ఆరు హిట్లు కొట్టి 0.406తో ముగించాడు. లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎమ్‌వీపీ అవార్డు మాత్రం జోకి!

పోనీ అనుకుందామా? 1947లో సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు) మూడింట్లోనూ లీగులో టెడ్‌దే అగ్రస్థానం. అవార్డు మళ్లీ జోకే, 202కి 201. ఒక్క పాయింటు! ఇదెక్కడి న్యాయమండీ?

బ్యాటింగ్ ఒక్కటే చూస్తే నా ఓటు టెడ్‌కే. కానీ జో అభిమానులతో వాదనకి దిగేముందు ఒకటి గుర్తుంచుకోండి. జో సొంత తమ్ముడు డామ్ ఆడింది టెడ్ జట్టులోనే. 1949లో డామ్ వరసగా 34 మ్యాచ్‌ల్లో హిట్లు కొట్టి అన్న రికార్డు వైపు నడుస్తున్నాడు. యాంకీస్‌తో ఆడిన తర్వాతి మ్యాచ్‌లో డామ్ గట్టిగా కొట్టిన బంతిని సెంటర్ ఫీల్డ్‌లో పట్టేసిందెవరు? అన్నగారే!