జరుగు చెవిగల దస్త్రము

కార్యాలయ భాషలో మనము నిత్యము వాడుకొను రెండు మాటలను విప్పి చూచినచో ఒక వింత కనబడును. 'బస్తా' అనగా పారసీకమున 'కట్టబడినది' అని అర్థము. 'ఫైలు' అను మాట లాటిను భాషలో దారమునకు గల పేరునుండి పుట్టినది. పూర్వము కాగితములను దారమునకో తీగకో గ్రుచ్చి వ్రేలాడదీయుచుండిరి. మన కిరాణా దుకాణములలో రసీదులను ఇనుప తీగకు గ్రుచ్చుట నేటికిని చూడవచ్చును. తూర్పుననైనను, పడమరనైనను మనుష్యుడు ముందుగా తలపోసినది కాగితమును కట్టివేయుటను గూర్చియే. కట్టినదానిని మరల వెదకి పట్టుకొనుట ఎట్లన్నది తరువాతి తలపు.

ఆ రెండవ తలపు పాశ్చాత్య దేశములలో 1890ల దశకమున బలపడెను. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున, కాగితములను అట్టలనడుమ నిలువుగా నిలబెట్టు పద్ధతిని చూపిరి. ఆ దశకముననే జేమ్స్ న్యూటన్ గన్ అను అమెరికావాసి, సూచిక కార్డుల అంచునుండి పైకి పొడుచుకొని వచ్చు చిన్న భాగమును రూపొందించి పేటెంటు పొందెను. ట్యాబు అని పిలువబడు ఆ భాగమును మేము 'చెవి' అందుము. పేరు మేమే పెట్టితిమి. తెలుగు శాఖవారికి ఆ మాత్రము స్వాతంత్ర్యము ఉండవలెను గదా! మేము అనగా ఇచ్చట తెలుగు బోధించు ఈ రచయితయు, పొరుగు బల్లవద్ద కూర్చుండు ఉర్దూ అధ్యాపకులును. వ్యాసము వ్రాసినది ఒకరు. అట్ట కోసినది ఇద్దరు.

చెవి ఉన్నంత మాత్రమున మా ప్రాంతమున పని తీరదు. ఇచ్చట దస్త్రముల పేర్లు ఒకచోట నిలిచియుండుట అరుదు. నిజాము ప్రభుత్వ కార్యాలయములలో పారసీకమునకు బదులు ఉర్దూ ప్రవేశించినది 1880ల దశకమున. 1905లో ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లా అయ్యెను. సిర్పూరు తాండూరు అను ఉపజిల్లా ఆ సంవత్సరముననే ఆదిలాబాదు పేరిట పూర్తి జిల్లా అయ్యెను. 1956లో రాజురా, కిన్వట్ ప్రాంతములు ఆదిలాబాదును విడిచి బొంబాయి రాష్ట్రమున చేరెను. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. 2016 అక్టోబరు 11న రెండు పాత జిల్లాలును విడివడగా జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు జిల్లాలు వెలసెను.

మా ఇంట ముత్తాతగారి కాలపు బస్తా ఒకటి కలదు. ఎర్రని గుడ్డలో కట్టిన ఆ కాగితములు కోరుట్ల చేతికాగితములని ఇంటి పెద్దలు చెప్పుదురు. ఆ ఊరి కాగితము పూర్వము పట్వారీల లెక్కలకు వాడుకలో ఉండెను. పై చీటీపై ఉర్దూలో 'తాలూకా జగిత్యాల, జిల్లా ఎలగందుల' అని ఉన్నది. నేడు ఆ జగిత్యాలయే ఒక జిల్లా. చెలక అదే, ఒడ్డున ఉన్న తుమ్మచెట్టు అదే. లోపలి వ్రాతలో ఒక్క అక్షరమైనను మారలేదు. చీటీని మార్చవలసినచో ఇప్పటికి మూడు పర్యాయములు మార్చవలసియుండెను. ఎవరును మార్చలేదు గనుకనే ఆ బస్తా మాకు దొరకుచున్నది.

కళాశాలలో అట్లు ఊరకుండుటకు వీలులేదు. మా కార్యాలయమువారు విద్యార్థుల ప్రవేశపు దస్త్రములను చాలాకాలముగా జిల్లావారీగా పేర్చుచున్నారు. జిల్లాలు మారినప్పుడు పాత చీటీలను తడిగుడ్డతో నానబెట్టి గీకివేసి, క్రొత్తవానిని జిగురుతో అంటించిరి. గీకుటకు రానిచోట పాతదానిపైననే క్రొత్తది అంటించిరి. ఒక అట్టపై మేము నాలుగు పొరలు లెక్కించితిమి: అడుగున ఉర్దూ, దానిపై టైపు చేసిన ఆంగ్లము, దానిపై తెలుగు, అన్నిటికిపైన మరల తెలుగు.

2015లో మా కళాశాలలో చేరిన సిరిసిల్ల ప్రాంతపు అమ్మాయి ఒకతె, చదువు ముగిసిన కొన్ని ఏండ్లకు తన పాఠశాల ధ్రువపత్రముల కొరకు వచ్చెను. ఉద్యోగమునకై మరునాడు ఉదయము వానిని ఒక కార్యాలయమున చూపవలెను. ఆమె చదివిన పాఠశాల ఏ జిల్లాలో ఉన్నదన్న దానిపైననే ఆమె స్థానికత ఆధారపడి ఉండెను. దస్త్రము కరీంనగర్ వరుసలో లేదు. సిరిసిల్ల వరుసలోను లేదు. గీకిన చోట క్రొత్త చీటీ ఊడిపోయి, పేరులేని అట్టగా మిగిలి, పాత లెక్కల కట్టలలో చేరినది. అది దొరకునప్పటికి రెండు దినములు గడచెను. ఆమె మరియొక ప్రకటన కొరకు ఇంకను వేచియున్నది. ఇట్టి నష్టమునకు జిగురు డబ్బాను నిందించుట హాస్యముగా తోచవచ్చును గాని, మేము మాత్రము నవ్వలేకపోతిమి.

అప్పుడే అట్ట కోయ నారంభించితిమి. కాగజ్‌నగర్ మన సీమలోనే ఉండగా అట్టకు కొదువ యేమని మా మిత్రులు హాస్యమాడిరి. అచ్చటి సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడి, 2018లో మరల తెరచుకొన్నది. తుదకు కరీంనగర్ బజారులో దొరకిన అట్టయే కొంటిమి.

ఇచ్చట మా కళాశాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఎదురయ్యెను. తెలుగు దస్త్రము ఎడమ ప్రక్క కుట్టబడి కుడినుండి తెరచుకొనును. ఉర్దూ దస్త్రము కుడి ప్రక్క కుట్టబడి ఎడమనుండి తెరచుకొనును. బజారులోని అట్టలకు చెవి ఒకే మూల ఉండును. ఉర్దూ దస్త్రమును ఆ అట్టలో పెట్టవలెనన్న అట్టను బోర్లించవలెను. బోర్లించినంతనే చెవిపై వ్రాత అడుగుకు పోవును. బీరువాలో ఒకదానిపై నొకటి పేర్చినప్పుడు మన ఉర్దూ దస్త్రములన్నియు మొగము త్రిప్పుకొని కూర్చున్నట్లు కనబడుట ఇందువలననే. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటను ఉర్దూ రెండవ అధికార భాష అయినది; అట్ట చేయువారికి ఆ వార్త ఇంకను అందలేదు.

కావున చెవి జరుగవలెను, దాని రెండు మొగములును కనబడవలెను. మొదట చెవిని ఒక తొడుగువలె అంచునకు తొడిగితిమి. చేతిలో చక్కగా జరిగినది. బీరువాలో పది అట్టల నడుమ ఒత్తిడి పడగానే తనంత తానే మూలకు జరిగిపోయెను. రెండవ నమూనాలో అట్ట అంచున అంగుళమున కొకటి చొప్పున తొమ్మిది గాట్లు పెట్టితిమి. చెవికి రెండు నాలుకలు. అవి కావలసిన గాట్లలో దూరి నిలుచును. బ్లీచింగు నీటిలో నానబెట్టి కడిగిన పాత ఎక్స్‌రే ఫిల్మును మడచి చెవిగా చేసితిమి; అది అద్దమువలె తేటగా ఉండి, చెమ్మకు చెడదు. లోపల చీటీ: ఒక వైపు తెలుగు, రెండవ వైపు ఉర్దూ. పేరు మారినచో పాత చీటీని పారవేయక ముందు వైపు, వెనుక వైపు వ్రాసిన రెండు క్రొత్త చీటీల నడుమనే ఉంచవలెను. అడిగినవారికి బయటికి తీసి చూపవచ్చును. అట్టమీద మాత్రము చెరగని సిరాతో ఒక సంఖ్య. ఆ సంఖ్య ఎన్నటికిని మారదు. పేరు ఎన్నిమార్లైనను మారవచ్చును.

నమూనాను మా కార్యాలయపు పెద్ద గుమాస్తాగారికి చూపితిమి. ఆయన చెవిని అటునిటు జరిపి చూచి, "మంచిగనే ఉన్నది సార్. కని అంటిచ్చిన చీటీ సాక్షి లెక్క. ఇది జరిగేదాయె. రేపు ఎవరన్న కావాల్నని జరిపితె ఎవర్ని పట్టుకుంటరు?" అనిరి.

ముప్పది ఏండ్ల అనుభవము పలికిన మాట అది. జరుగునది ఏదైనను మేలుకొరకును జరుగును, కీడుకొరకును జరుగును. మేము సిరా సంఖ్యను చూపితిమి. ఆయన, "సంఖ్యను రిజిస్టరుల ఎక్కియ్యాలె గద. రిజిస్టరు ఎవరు రాస్తరు?" అని అడిగిరి. అట్ట చేయుట ఇద్దరు అధ్యాపకుల పని. రిజిస్టరు వ్రాయుటకు ఒక మనిషి కావలెను, అతనికి దినమునకు ఒక గంట కావలెను. ఆ గంట ఏ నమూనాలోను ఇమడలేదు.

ప్రస్తుతము ఇరువది అట్టలు సిద్ధముగా ఉన్నవి. పది తెలుగు శాఖలో, పది ఉర్దూ శాఖలో వాడుకలో నున్నవి. మొదటి సంఖ్య గల అట్టలో ఆ సిరిసిల్ల అమ్మాయి పత్రముల నకళ్ళు ఉంచితిమి. దాని చెవిలో మూడు చీటీలున్నవి. రిజిస్టరు వ్రాయు గంటను గూర్చి కళాశాల సంఘమువారికి విన్నపము సమర్పించితిమి. ఎక్స్‌రే ఫిల్ములు ఇంట వృథాగా పడియున్న విద్యార్థులు వానిని తెచ్చి తెలుగు శాఖలో ఇయ్యగలరు. పేరు, వివరములు కడిగివేసిన పిదపనే వాడుదుము.