కాణిపాకం నుంచి అక్కకు

గురువారం రాత్రి

అక్కా,

చిత్తూరులో రైలు దిగి, 12 కిలోమీటర్లు ఆటోలో వచ్చాను. దర్శనం రేపు. ముందు నీ దిగులు సంగతి. చిన్నోడు కొలరాడోలో ఎల్క్ జింకల వేటకు వెళ్ళాడని కుమిలిపోకు. వాడు పంపిన ఫొటో మళ్ళీ చూశాను. నారింజరంగు కోటేసుకుని నిలబడ్డాడు, వెనక మేస్తున్నవి ఎల్కులు కావు, ఆవులు! అక్కడ సర్కారు కొండల మీద ఆవుల మేపుకూ అనుమతి ఉంది, సీజనులో వేటకూ లైసెన్సుంది. సర్కారు బీళ్ళలో మేపుకు 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం తెచ్చారు. రైతు పశువుల లెక్కన రుసుము కడతాడు, మన పుల్లరే అనుకో. మీ అత్తవారి పల్నాడులో ఆ పుల్లరి కట్టనన్నందుకే కదా 1922లో కన్నెగంటి హనుమంతును కాల్చేశారు!

ఎల్క్ అంటే గుర్తొచ్చింది, సిలోనులో వేటాడిన శామ్యూల్ బేకర్ దొర మన కణితిని ఎల్క్ అనే రాశాడు. అది వేరే జాతి, దొరకెందుకు ఆ పట్టింపు! కణితిని ఇంగ్లీషులో సాంబర్ అంటారని ఆటో అతనికి చెబితే తిన్నగా ఇడ్లీ హోటలు ముందు ఆపాడు.

శుక్రవారం సాయంత్రం

అక్కా,

దర్శనమైంది. బావిలో వెలసిన స్వామి కదా, చుట్టూ ఇంకా నీళ్ళే. కానీ మనసు కోనేటి దగ్గరే ఉండిపోయింది.

పలమనేరు అవతల నుంచి ఓ పదిమంది ప్రమాణానికి వచ్చారు. వాళ్ళది కౌండిన్య అడవి అంచు ఊరు. 1980ల్లో తమిళనాడు వైపు నుంచి వచ్చిన ఏనుగులు అక్కడే నిలిచిపోయాయి. 1990లో దాన్ని అభయారణ్యం చేశారు. ఊరి పశువులు ఇప్పటికీ ఆ చెట్ల కిందికే మేతకు పోతాయి. 1972 వన్యప్రాణుల చట్టం కింద వేట నేరమే గానీ, కణితికి ఉచ్చులు, పందికి పిండిముద్దలో నాటుబాంబులు ఆగలేదు. పిండి వాసన ఆవుకూ ఇష్టమే.

ఓ పెద్దావిడ ఫోన్‌లో చూపించింది. ఆవుకు కింది దవడ లేదు. నాలుక వేలాడుతోంది. కళ్ళు మాత్రం మామూలుగా ఉన్నాయి. మూడు రోజులు బతికిందట. కుడితి పెడితే మూతి ముంచేది, తాగలేక తల ఎత్తేది, మళ్ళీ ముంచేది.

అనుమానం ఓ కుర్రాడి మీద. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేస్తే బతకరని ఈ జిల్లా అంతటా భయం. వాడు కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు చేతులు జోడించాడు.

"ఆవుకు నేను పెట్టలేదు సామీ."

అందరూ కదలబోయారు. పెద్దావిడ కదల్లేదు.

"ఆవుకు పెట్టలేదులే నాయనా. పందికి పెట్టినావా? అది చెప్పు."

వాడు తువ్వాలు పిండుకుంటూ నిలబడ్డాడు. నేను క్యూలో ముందుకు జరగాల్సి వచ్చింది.

నీ తమ్ముడు