పగ్గాలు చేపట్టే వయస్సు

‘పిట్ట కొంచెం, కూత ఘనం’ అన్నది మన సామెత. ‘నిదానమే ప్రధానం’ అన్నదీ మన సామెతే. మొదటిది చిన్న వయస్సులోనే వెల్లివిరిసే ప్రతిభను చూచి మురిసిపోతుంది. రెండవది ఆ ప్రతిభ పండటానికి పట్టే కాలాన్ని గుర్తుచేస్తుంది. ఏ సందర్భంలో ఏది వర్తిస్తుందో తేల్చుకోవడం సులభం కాదు. సంగీత సభలో బాలుడి నోట అపస్వరం దొర్లితే ఆ నష్టం ఆ పూటతో తీరిపోతుంది. గంటకు మూడువందల కిలోమీటర్ల వేగంతో సాగే కార్ల పందెంలో పొరపాటు జరిగితే దాని మూల్యం ప్రాణమే కావచ్చు. అందువల్లనే యువ చోదకులను అత్యున్నత స్థాయి పందేలలోకి ఏ వయస్సులో అనుమతించాలనే చర్చ మోటారు క్రీడాలోకంలో చాలాకాలంగా సాగుతున్నది.

ఈ పందేలలో శిఖరం వంటిది ఫార్ములా వన్. ఇందులో ఒక పందెం సాధారణంగా మూడువందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. వేగంగా వెళ్తూ మలుపు తిరిగేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు చోదకుని శరీరంపై గురుత్వ బలానికి ఐదు రెట్ల వరకు ఒత్తిడి పడుతుంది. తల, శిరస్త్రాణం కలిపి ఆరేడు కిలోలు ఉంటాయనుకుంటే, ఆ క్షణంలో మెడ ముప్పై కిలోలకు మించిన భారాన్ని మోయాలి. ఉష్ణదేశాలలో పందెం ముగిసేసరికి చెమట రూపంలోనే రెండు మూడు కిలోల బరువు తగ్గిపోతుంది. ఇంత శ్రమలోనూ చేతిచక్రం మీది మీటలను సవరిస్తూ, రేడియోలో ఇంజనీర్లతో సంభాషిస్తూ, పక్కనున్న ప్రత్యర్థి ఆంతర్యాన్ని అంచనా వేస్తూ ఉండాలి. ఇది కండబలంతోనే సాగే పని కాదు, బుద్ధి నిలకడ కూడా కావాలి.

ఇటువంటి రంగంలోకి 2015 మార్చిలో నెదర్లాండ్స్‌కు చెందిన మాక్స్ వెర్‌స్టాపెన్ ఆస్ట్రేలియా పందెంతో అడుగుపెట్టాడు. అప్పటికి అతని వయస్సు 17 సంవత్సరాల 166 రోజులు. ఫార్ములా వన్ చరిత్రలో అంత పిన్న వయస్కుడు అంతకుముందు లేడు. సాధారణ రహదారిపై కారు నడిపే లైసెన్సు కూడా అప్పటికి అతనికి లేదు. పద్ధెనిమిదవ పుట్టినరోజు వచ్చాకే దానిని పొందగలిగాడు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఈ విషయమై ఆలోచించి, 2016 నుంచి అమలయ్యేలా కొత్త నియమాలు తెచ్చింది. ఆ నియమాల ప్రకారం ఫార్ములా వన్‌లో ప్రవేశానికి అవసరమైన సూపర్ లైసెన్సు పొందాలంటే 18 ఏండ్లు నిండి ఉండవలసివచ్చింది, రహదారి లైసెన్సు ఉండవలసివచ్చింది, కింది స్థాయి పోటీలలో మూడేండ్ల కాలంలో 40 పాయింట్లు సంపాదించి ఉండవలసివచ్చింది. అయితే ఆ నియమాలు అమలులోకి వచ్చిన ఏడాదిలోనే, 2016 మే నెలలో, 18 ఏండ్ల వెర్‌స్టాపెన్ స్పెయిన్ పందెంలో విజేతగా నిలిచాడు. తర్వాతి పందెం జరిగిన మొనాకోలో కారును గోడకు గుద్దుకున్నవాడూ అతడే. 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయినవాడూ అతడే.

ఈ వృత్తాంతం తెలిసిన ఒక విద్యార్థి తరగతిలో నన్ను అడిగాడు: “సార్! పదిహేడేండ్లకే అతను చేసి చూపించాడు గదా, ఇక వయస్సు నియమం ఎందుకు?” ఆ రోజు నేను అభిమన్యుని వృత్తాంతం బోధిస్తున్నాను. అతని ప్రశ్నకు సమాధానం అక్కడే ఉందని నాకు అనిపించింది.

అభిమన్యుడు పద్మవ్యూహంలోకి ప్రవేశించడం నేర్చినవాడే. వెలుపలికి వచ్చే ఉపాయం మాత్రం ఎరుగడు. ఆ సంగతిని అతడు దాచలేదు, పెద్దలకు ముందే విన్నవించాడు. నీ వెంటనే మేమూ వస్తామని వారు మాట ఇచ్చారు. సైంధవుడు అడ్డుపడటంతో ఆ మాట నిలుపుకోలేకపోయారు. బాలుని పరాక్రమంలో లోపం లేదు. అతని వెనుక ఉండవలసినవారు ఉండలేకపోయారు.

దీని పక్కన రామాయణంలోని మరొక ఘట్టాన్ని ఉంచి చూడండి. యాగరక్షణకు రాముణ్ణి పంపమని విశ్వామిత్రుడు కోరినప్పుడు, బిడ్డకు పదహారేండ్లయినా నిండలేదని దశరథుడు తల్లడిల్లాడు. అది తండ్రి మనస్సుకు సహజమైన భయం. విశ్వామిత్రుడు మాత్రం బాలుణ్ణి నేరుగా రణరంగంలో నిలబెట్టలేదు. దారిలోనే బల, అతిబల అనే విద్యలను ఉపదేశించాడు. అస్త్రాలను ప్రసాదించాడు. యాగం ముగిసేదాకా వెన్నంటి ఉన్నాడు. ఇద్దరు బాలురూ ఇంచుమించు ఒకే ఈడువారు, ఇద్దరూ వీరులే. వారి గతులు వేరు కావడానికి కారణం వారి వయస్సులో కనిపించదు.

ఫార్ములా వన్ చరిత్రలో ఈ రెండు తోవలూ కనిపిస్తాయి. మెక్సికోకు చెందిన రికార్డో రోడ్రిగెస్ 1961లో 19 ఏండ్ల వయస్సులో ఫెరారీ కారుతో ఇటలీ పందెంలో ప్రవేశించి, అర్హత పోటీలో రెండవ స్థానం సాధించి అందరినీ ఆశ్చర్యపరిచాడు. మరుసటి ఏడాది నవంబరులో స్వదేశంలోనే సాధన సమయంలో ప్రమాదానికి గురై మరణించాడు. అప్పటికి అతనికి ఇరవై ఏండ్లే. అవి రక్షణ సాధనాలు అంతంతమాత్రంగా ఉన్న రోజులు. వయస్సులో పెద్దవారినీ ఆనాటి పందేలు బలిగొన్నాయి.

కాలం మారింది, ప్రాణరక్షణ మెరుగుపడింది. అయినా మరొక విధమైన నష్టం మిగిలే ఉన్నది. స్పెయిన్‌కు చెందిన హైమె అల్గెర్సువారి 2009లో, సంవత్సరం మధ్యలో, మరొకరి స్థానంలో హఠాత్తుగా ఫార్ములా వన్‌లోకి వచ్చాడు. వయస్సు 19. పోటీల కాలంలో సాధన పరుగులను నిషేధించిన సంవత్సరం అది. కారుతో చక్కగా పరిచయమైనా కాకముందే అతడు పందెంలో నిలవవలసివచ్చింది. క్రమంగా నిలదొక్కుకుంటున్న సమయంలో, 2011 చివర, అతని జట్టు అతన్ని తప్పించింది. అప్పటికి అతనికి 21 ఏండ్లు. 25 ఏండ్లకు మోటారు పందేలకే స్వస్తి చెప్పి సంగీతం వైపు మళ్ళాడు. చాలామంది యువకులు ఉద్యోగం వెదుక్కునే ఈడుకే అతడు ఒక వృత్తిని ముగించాడు.

ఇందుకు భిన్నమైనది ఫెర్నాండో అలోన్సో కథ. 2001లో అతడు 19 ఏండ్లకే చిన్న జట్టులో ప్రవేశించాడు. 2002లో పందేలకు దూరంగా ఉండి, రెనో జట్టుకు పరీక్షా చోదకునిగా కారును మెరుగుపరిచే పని చేశాడు. 2003లో తిరిగి వచ్చి మొదటి విజయం, 2005లో ప్రపంచ విజేత కిరీటం అందుకున్నాడు. పందెం లేని ఆ ఏడాది అతనికి వృథా కాలేదు.

ఇటీవలి ఉదాహరణ ఇటలీకి చెందిన కిమి ఆంటొనెల్లి. పద్ధెనిమిదేండ్లు నిండిన కొద్ది రోజులకే, 2024 ఆగస్టు 30న, మోంజాలో మెర్సిడెస్ కారుతో సాధనకు దిగి, పది నిమిషాలయినా గడవకముందే కారును గోడకు కొట్టాడు. అతని స్వదేశీయులు చూస్తుండగానే అది జరిగింది. మరునాడే ఆ జట్టు, రానున్న సంవత్సరానికి అతడే తమ చోదకుడని ప్రకటించింది. 2025 మార్చిలో వర్షంలో సాగిన తొలి పందెంలో అతడు నాలుగవ స్థానం పొందాడు. వేసవిలో చాలా పందేలలో ఒక్క పాయింటు కూడా దక్కలేదు. ఆ నడుమనే పాఠశాల చివరి పరీక్షలు కూడా రాశాడు. జట్టు అతన్ని తొలగించలేదు. సంవత్సరం చివర బ్రెజిల్‌లో రెండవ స్థానం వచ్చింది. ఓడిపోయే వ్యవధిని ఇచ్చినవారు ఉన్నారు గనుకనే ఆ యువకుడు నిలబడ్డాడు.

శిఖరం మీద వెలుగు ఎక్కువ కనుక అక్కడి యువకులను అందరూ చూస్తారు. మెట్ల దగ్గర ఉన్న బాలల సంగతి ఎవరు చూస్తారు? యూరపులో ఆరేడేండ్ల వయస్సుకే పిల్లలు కార్టింగ్ మొదలుపెడతారు. మోటారుసైకిల్ పందేలలో 2021లో కొద్ది నెలల వ్యవధిలో 14, 15, 19 ఏండ్ల ముగ్గురు పోటీదారులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత నిర్వాహకులు మేల్కొని, ప్రపంచ స్థాయి గ్రాండ్ ప్రి పోటీలకు కనీస వయస్సును 2023 నుంచి 18కి పెంచారు. అదే 2023 ఆగస్టులో చెన్నై సమీపంలోని పందెపు బాటపై, జాతీయ స్థాయి పోటీలో, బెంగళూరుకు చెందిన 13 ఏండ్ల బాలుడు మరణించాడు. ఆ పిల్లలకు ధైర్యం కొరవడిందని ఎవరూ అనలేరు. ఎంత వేగమిచ్చే యంత్రాన్ని, ఎంతమంది నడుమ, ఏ వయస్సులో వారి చేతికివ్వాలో నిర్ణయించవలసింది పెద్దలే.

మన చట్టం ఈ మాటను ముందే గ్రహించింది. గేర్లు ఉన్న వాహనం నడపడానికి 18 ఏండ్లు నిండాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. 2019 నాటి సవరణ ప్రకారం మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే, సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా విధించవచ్చు. తాళంచెవి ఇచ్చిన చేతినే చట్టం ముందుగా ప్రశ్నిస్తున్నది.

కాబట్టి యువకులు సిద్ధంగా ఉన్నారా అన్న ప్రశ్నను సగమని నేను భావిస్తాను. వారిని పంపేవారు సిద్ధంగా ఉన్నారా అన్నది మిగిలిన సగం. పదిహేడేండ్ల కుర్రవానికి కారు నడిపే నేర్పు ఉండవచ్చు. పడినప్పుడు లేపే గురువు, గెలవని రోజుల్లో ఓర్చుకునే జట్టు, పందెం లేకపోయినా మిగిలే చదువు అతనికి ఉన్నాయో లేదో విచారించాలి. ఇవి ఉన్నచోట వయస్సు కొంచెం తక్కువైనా నష్టం లేదు. ఇవి లేనిచోట పాతికేండ్ల వయస్సు కూడా చాలదు.

విద్యార్థులారా! మీరు ఇప్పుడు ఉన్నది సరిగ్గా ఈ వయస్సులోనే. రేపు ఎవరైనా మీ చేతికి పెద్ద పగ్గాలు అందిస్తే సంతోషించండి. అందుకునే ముందు, అభిమన్యుని వలె మీకు తెలియనిది ఏదో దాచకుండా చెప్పండి. చెప్పిన తర్వాత, మీ వెంట ఎవరు వస్తున్నారో ఒకసారి వెనుదిరిగి చూడండి. అలా చూడటం పిరికితనం అనిపించుకోదు.