పావలా కారుకి ముప్పావలా సీటు

"పావలా కోడికి ముప్పావలా మసాలానా?" అన్నాడు బావ, నేను చూపించిన సీటు ధర విని. కారు కొన్నది 500 డాలర్లకి. ఒక్క సీటుకే 450 అంటే ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది. నేనూ నవ్వేసి, అందులో సగం ధరకి సెకండ్‌హ్యాండ్‌లో ఏం దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టాను. బావని తప్పుపట్టడానికేం లేదు. జట్టులో ఇంజను తనది, సీటూ బెల్టులూ నావి. రూల్స్ పుస్తకం చదవాల్సింది, టేపు పట్టుకుని మనుషుల్ని కొలవాల్సింది నేను. కొలిచాను కూడా. ఎక్కడ కొలవాలో తెలియకుండా కొలిచాను.

మేం దిగిన పందెం పేరు 'ట్వెంటీఫోర్ అవర్స్ ఆఫ్ లెమన్స్'. జే లామ్ అనే ఆయన 2006లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌లో జరిగే ల మాన్ 24 గంటల రేసుని ఆట పట్టిస్తూ పెట్టిన పేరు. 500 డాలర్లు దాటని డొక్కు కారు తెచ్చి, నలుగురైదుగురు వంతులేసుకుని నడపాలి. పేరుకి 24 గంటలే గానీ, చాలాచోట్ల శని, ఆదివారాల పగళ్లు కలిపి 14, 15 గంటలతో సరి. ఖరీదైన కారు తెచ్చి చవకదని బుకాయిస్తే జడ్జీలు మొహమాటం లేకుండా లాప్‌లు కోసేస్తారు. కానీ రోల్ కేజ్ (కారు బోల్తా పడ్డా నలగకుండా లోపల కట్టే గొట్టాల చట్రం), సీటు, బెల్టులు, బ్రేకులు, టైర్లు ఆ 500 లెక్కలోకి రావు. మనిషి ప్రాణం కాపాడేవాటి మీద ఎంతైనా ఖర్చు పెట్టుకోమని రూలే చెబుతోంది. మా పిసినారితనానికి రూల్స్ వంక పెట్టుకునే వీలు కూడా లేదు.

మా కారు 1990ల నాటి హోండా సివిక్. ఇల్లు, గరాజు డాలస్ శివార్లో. నడిపేవాళ్లం నలుగురం: బావ ఆరడుగుల రెండంగుళాలు, నేను ఐదడుగుల ఐదు, మా ఆఫీసులో పనిచేసే అమెరికన్లు ఇద్దరు, వాళ్లు మా ఇద్దరికీ మధ్యలో ఎక్కడో. పొట్ట విషయంలో మాత్రం నేను ఎవరికీ తీసిపోను. నలుగురికీ ఒకే సీటు కాబట్టి అందరిలోకీ లావైనవాడు పట్టే సీటు కొంటే మిగతావాళ్లు ఎలాగూ పడతారన్నది నా లెక్క. పెళ్లి పందిట్లో కుర్చీలు వేయించేవాడికి ఆ లెక్క సరిపోతుంది.

దొరికిన సీటు నల్లది, ఫైబర్‌గ్లాసుది. బట్ట కొత్తగా ఉంది. అమ్మినతను రేసు సీటేనన్నాడు. వెనక లేబులు సగం ఊడిపోయి ఉంది. ఆ లేబులు ముక్కే అసలు చూడాల్సింది. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ 8855-1999 అనే ప్రమాణం కింద ఆమోదించిన సీట్ల మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఆ తేదీ నుంచి ఐదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత సీటు ఒక్క రోజులో పాడైపోతుందని కాదు. ఎండ, తేమ, గుద్దుళ్లు, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు అంచు మీద పడే బరువు, ఇవన్నీ ఫైబర్‌లో వెంట్రుకవాసి పగుళ్లు తెస్తాయి. పైన బట్ట ఉండగా అవి కంటికి ఆనవు. గడువు దాటిన సీటుని కొన్ని పోటీలు అసలు రానివ్వవు, కొన్ని షరతుల మీద రానిస్తాయి. మా సీటు లేబులు మీద సంవత్సరం చదవడానికే రాలేదు. నాకది మంచిదే అనిపించింది, చెల్లదని తేలలేదు కదా అని.

మొదటి రేసు డెకాటర్ దగ్గర ఈగల్స్ కాన్యన్‌లో. వదులు సీటు మనిషిని ఏం చేస్తుందో అక్కడ తెలిసింది. కుడి మలుపులో ఒళ్లు ఎడమకి జారుతుంది. ఆపుకోవడానికి ఎడమ మోకాలు తలుపుకి తన్నిపెడతాం, చేతులు స్టీరింగుని ఊతకర్రలా పట్టుకుంటాయి. మూడు మలుపులకి ఇదేం లెక్కలోది కాదు. గంట దాటాక భుజాలు బిగుసుకుపోయాయి, వేళ్లకి టైర్లు ఏం చెబుతున్నాయో తెలియడం మానేసింది. అలాంటి ఒక మలుపులో కారు గిర్రున తిరిగి గడ్డిలోకి పోయింది. ఎవరికీ తగల్లేదు. నల్లజెండా చూపించి లోపలికి పిలిచి చీవాట్లు పెట్టారు. టైర్లు బాలేవని బావతో చెప్పాను. బావ పాపం నమ్మి, టైర్లలో గాలి చూశాడు.

సీటు వదులైందని ఒప్పుకునే బదులు రెండో రేసుకి దిండు తెచ్చాను. నా ఎత్తుకి బానెట్ అంచు సరిగా కనపడటం లేదు. అందుకని మెత్తటి స్పాంజి రెండంగుళాల మందాన కోసి, డక్ట్ టేపు చుట్టి అడుగున వేసుకున్నా. వీపు వెనక ఇంకోటి. కూర్చుంటే హాయిగా ఉంది. ఆ హాయి చూసే అనుమానపడి ఉండాల్సింది.

పక్క జట్టులో ఒక పెద్దాయన ఉండేవాడు. చిన్నప్పటి నుంచి మట్టి ట్రాకుల మీద స్టాక్ కార్లు నడిపిన మనిషి. మా కారు దగ్గరికొచ్చి నా దిండు చేతిలోకి తీసుకుని, ఒక్క మాటా అనకుండా బొటనవేలితో నొక్కాడు. వేలు ఆ చివరికి వెళ్లి కింద ఉన్న చూపుడు వేలికి తగిలింది. రెండంగుళాల స్పాంజి కాగితమంత అయింది. తర్వాత నా బెల్టు పట్టుకుని, వదులుగా అంతే మేర లాగి చూపించాడు. అర్థమైంది. గుద్దుకున్నప్పుడు 80 కిలోల మనిషి 20 జీల (తన బరువుకి 20 రెట్ల) దెబ్బకి ఆ క్షణంలో 1600 కిలోల బరువుతో బెల్టుల్ని, సీటుని లాగుతాడు. కింద స్పాంజి అణిగిపోతుంది. నేను ఎంత గట్టిగా బిగించుకున్నా, అణిగినంత మేరా బెల్టు వదులే. నడుం బెల్టు తుంటి ఎముకల మీద ఉండాలి. అది జారి పొట్ట మీదికి ఎక్కిందంటే మనిషి బెల్టు కిందనుంచి ముందుకు జారిపోతాడు, ఆ లాగుడంతా పేగుల మీద పడుతుంది. నాలాంటి పొట్టగాడికి బెల్టు పొట్ట కిందకి దించి కట్టుకోవడమే ఒక పని, దాని మీద ఈ దిండొకటి.

ఆయన అంతటితో ఆగలేదు. సీటు తల దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాడు. సీటు ఊగింది. సీటుతో పాటు కారు నేల కూడా ఊగింది. కిందికి దూరి చూస్తే, సీటు బోల్టులకి నేను వేసిన వాషర్ల చుట్టూ రేకు పళ్లెంలా లోపలికి గుంట పడి ఉంది. ఇంకా ఏమీ గుద్దుకోకుండానే, మామూలు బ్రేకులకీ మలుపులకీ. పాత కార్ల అడుగు రేకు మందం ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ. గట్టి దెబ్బ తగిలితే బోల్టు విరగదు, వాషరుతో సహా రేకుని చించుకుని పైకి వచ్చేస్తుంది. సీటు ఎంత గొప్పదైనా అప్పుడు అది మనతో పాటు ఎగిరే సామానే. ఎఫ్‌ఐఏ రూల్స్‌లో ఇదంతా రాసే ఉంది: కనీసం నాలుగు చోట్ల 8 మిల్లీమీటర్ల బోల్టులు, ఒక్కో చోట రేకుకి అవతల 3 మిల్లీమీటర్ల మందం ఉక్కు పలక, అది రేకుకి ఆనే వైశాల్యం కనీసం 40 చదరపు సెంటీమీటర్లు. ఆ పలకల ఖర్చు వెల్డింగుతో కలిపినా ఒక టైరు ధర కాదు. నేను సీటు బట్ట రంగు మీద పెట్టిన ధ్యాసలో పదో వంతు కూడా వాటి మీద పెట్టలేదు.

ఇంకోటి కూడా ఆయనే చూపించాడు. అది నా లెక్కని మొత్తం తిరగేసింది. భుజం బెల్టులు సీటు చిల్లుల్లోంచి వెనక్కి పోయేటప్పుడు భుజానికి సమానంగా గానీ, కాస్త కిందికి, మహా అయితే 20 డిగ్రీల వాలులో గానీ పోవాలి. మా సీటు చిల్లులు బావ భుజాలకి బెత్తెడు దిగువన ఉన్నాయి. గుద్దుకుంటే ఆ బెల్టులు బావని వెనక్కి పట్టి ఉంచవు, వెన్నెముకని కిందికి నొక్కుతాయి. అందరికీ పడుతుందని కొన్న సీటు నాకు వెడల్పు, బావకి పొట్టి. నలుగురిలో ఒక్కరికీ సరిపోలేదు.

మెడకి హాన్స్ తొడుక్కుంటున్నాం కదా, భయం లేదని ఒక ధీమా మాకు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది అయిన రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి 1980లలో తయారుచేసిన పరికరం అది. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసులో పేరున్న రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ కపాలం అడుగున ఎముక విరిగి చనిపోయాక గానీ అమెరికాలో స్టాక్ కార్ల పోటీలు నడిపే నాస్కార్ అలాంటిదాన్ని తప్పనిసరి చేయలేదు. ముందు నుంచి వచ్చే దెబ్బకి అది తలని పట్టి ఉంచుతుంది. పక్కనుంచి వచ్చే దెబ్బకి తలని ఆపాల్సింది సీటుకి రెండు వైపులా ఉండే చెవులు, లేదా పక్కన కట్టే వల. మా సీటుకి చెవుల్లేవు. కారులో కుడి పక్కన వల లేదు. డొక్కు కార్ల పోటీలో పక్కనుంచి వచ్చి గుద్దేవాళ్లకి మాత్రం కొదవ లేదు.

రెండోసారి కొనేటప్పుడు చాలా చదివాను. అమెరికాలో మామూలు రేసర్లు ఎక్కువగా వాడేది అల్యూమినియం సీటు. మూడు నాలుగొందల్లో వస్తుంది, తుంటి వెడల్పుని బట్టి అంగుళాల సైజుల్లో దొరుకుతుంది. కానీ దాని వీపుని రోల్ కేజ్‌కి ఒక బ్రేసుతో కట్టాలి, లేకపోతే దెబ్బకి వెనక్కి వంగిపోతుంది. ఒకసారి వంగితే ఇంక పారేయడమే. ఒక్కరే నడిపే కారుకి నేను కళ్లు మూసుకుని అదే చెబుతాను. మాది నలుగురి కారు. సీటు ముందుకీ వెనక్కీ జరగాలి, బ్రేసు బిగిస్తే అది జరగదు. జరిగే బ్రేసులు ఉన్నాయి గానీ, పిట్‌లో హడావుడిలో అది సరిగా లాక్ అయిందా లేదా అని చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఎఫ్‌ఐఏ ఆమోదం ఉన్న ఫైబర్‌గ్లాసు సీటుకి సాధారణంగా బ్రేసు అక్కర్లేదు. తయారీదారు చెప్పకుండా వెనక నుంచి ఏ ఇనుప ముక్కో ఆనిస్తే అదే వీపులో దిగబడొచ్చు. 8862 అనే ఇంకా పై తరగతి సీట్లు ఉన్నాయి, ధర వేలల్లో. అవి మా గరాజు మొహం చూడవు.

చివరికి తీసుకున్నది చెవులున్న ఫైబర్‌గ్లాసు సీటు, కొత్తది, ఆ నెలే తయారైంది. ధర ఎనిమిది వందల పైమాట. కొలత ఈసారి పొట్ట దగ్గర కాదు. తుంటి దగ్గర లావైనవాడికి బిగుతుగా, భుజం చిల్లులు ఎత్తైనవాడికి సరిగ్గా. తుంటి వెడల్పు బావదే. కింద రెండు వైపులా లాక్ అయ్యే స్లైడరు. స్లైడరు వల్ల సీటు దాదాపు అంగుళం పైకి లేచింది, బావ హెల్మెట్‌కీ కేజ్ గొట్టానికీ మధ్య రెండు వేళ్ల సందే మిగిలింది. బ్రాకెట్లు మార్చి, సీటు వాల్చి, గొట్టానికి గట్టి ప్యాడింగు చుట్టి, మళ్లీ కొలిచి, ఇలా ఒక వారాంతమంతా అదే పని. కుడి పక్కన వల కట్టాం. ఎడమ కిటికీకి ఎలాగూ ఉంది.

మిగిలింది నేను. చిన్నవాడికి పెద్ద సీటు సరిపోవాలంటే దిండు కాదు, అచ్చు పోయాలి. రెండు ద్రవాలు కలిపి మందపాటి ప్లాస్టిక్ సంచిలో పోస్తే నురగ పొంగి మన వీపు ఆకారంలో గట్టిపడుతుంది. సూటు, హాన్స్, బెల్టులతో సహా పూర్తి వేషంలో కూర్చోవాలి, రోజూ కూర్చునే తీరులోనే. జులైలో టెక్సస్ గరాజు. సంచి వెనక నుంచి వెచ్చగా పొంగుతూ నన్ను ముందుకు నెడుతోంది. కొంచెం ఎక్కువ పోశానేమో, భుజం దగ్గర బెల్టు చిల్లుల్లోకి కూడా వచ్చేసింది. మా ఆవిడ మజ్జిగ గ్లాసుతో వచ్చి చూసి, "పావుగంట కదలకుండా కూర్చోవడం పెళ్లయ్యాక ఇదే చూడటమండీ" అంది. చేతులు కదిపితే అచ్చు పాడవుతుంది, మజ్జిగ తనే పట్టింది. ఎక్కువైన నురగంతా తర్వాత హ్యాక్సా బ్లేడుతో కోశాను. ఉత్త నురగ మంటకి అంటుకుంటుంది కాబట్టి మంటకి ఆగే బట్టతో పైన కుట్టించాం. వేలితో ఎంత నొక్కినా సొట్ట పడదు.

తేడా మొదటి మలుపులోనే తెలిసింది. మోకాలు తలుపు మీద నుంచి దానంతటదే వచ్చేసింది. ఇబ్బందులూ ఉన్నాయి. చెవుల వల్ల పక్కలకి కనపడదు, వెడల్పాటి అద్దం పెట్టుకున్నాం. దిగడం కూడా కష్టమే. హెల్మెట్‌తో, బెల్టులు విప్పుకుని, స్టీరింగు ఊడదీసి కిటికీలోంచి బయటపడటం రేసుకి ముందు ప్రతిసారీ సాధన చేస్తాం. ఇందులో పొట్టివాణ్ణయిన నేనే మొదటివాణ్ణి.

డ్రైవరు మారేటప్పుడు నా అచ్చు తీసి బయటికి అందించాలి, సీటు వెనక్కి జరపాలి, లాక్ పడిందో లేదో లాగి చూడాలి. అది రెండుసార్లు చేస్తే రెండు లాప్‌లు పోతాయి. అందుకని ఇప్పుడు రోజుకి ఒక్కసారే నన్ను నడపనిస్తున్నారు, అదీ పొద్దున్నే మొదటి వంతు. సీటులో అచ్చు రాత్రే పెట్టేసి ఉంచుతారు.