మాధ్యాహ్నికం నేర్పిన పాఠం



సూర్యనారాయణుడు ప్రత్యక్షదైవం. ఉపనయనం నాటి నుండి యాభై దాటిన ఈ వయస్సు వరకు ఆయనకు అర్ఘ్యమివ్వని దినం నాకు లేదు. అయినను ఆయన అనుగ్రహం నా అస్థులకు చేరలేదని గత సంవత్సరం తెలిసినది. ఆ వృత్తాంతాన్ని సిగ్గుతోనే విన్నవిస్తున్నాను.

మా ఎర్రుపాలెంలో కుట్టుపనితో జీవించే ఒక గృహిణి కొంతకాలం క్రితం ఆలయానికి వచ్చి, "నడుము, తొడలు ఒకటే నొప్పులండి పంతులుగారూ. కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను" అన్నది. "ప్రారబ్ధం తల్లీ, అనుభవించక తప్పదు" అని, మండలం రోజులు బ్రాహ్మీముహూర్తంలో ప్రదక్షిణలు చేయమన్నాను. ఆమె శ్రద్ధగా చేసినది. నొప్పి తగ్గలేదు. "ఇంకా కర్మశేషం ఉన్నది" అని చెప్పి నా పూజలో నేను మునిగిపోయాను.

తరువాత నా వంతు వచ్చినది. ఒకనాడు సాష్టాంగం చేసి లేవబోతే తొడలు సహకరించలేదు. స్తంభం పట్టుకొని లేచాను. ఖమ్మంలో ఒక వైద్యులు రక్తపరీక్ష చేయించి, "మీకు ఎండ తగులుతుందా స్వామీ?" అని అడిగారు.

"నిత్యం సూర్యునికి అర్ఘ్యమిస్తాను" అన్నాను, కొంత అతిశయంతోనే.

"ఏ వేళకు?"

"నక్షత్రాలు ఉండగానే."

"ఆ తరువాత?"

"గర్భాలయంలో."

ఆయన చిరునవ్వుతో విటమిన్ డి లోపమని వ్రాసిన కాగితాన్ని నా చేతిలో పెట్టారు.

వారు వివరించిన క్రమం ఇది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో ఈ ద్రవ్యాన్ని పుట్టిస్తాయి. అది మొదట కాలేయంలో, పిదప మూత్రపిండాలలో పరివర్తన చెంది హార్మోనుగా పనిచేసే రూపం పొందుతుంది. అప్పుడే ప్రేగులు ఆహారంలోని కాల్షియాన్ని చక్కగా గ్రహిస్తాయి. ఈ శృంఖలలో ఏ లంకె తెగినా, అనగా ఎండ కొరవడినా, కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నా, ఎముకలకు ముప్పే. రక్తంలో కాల్షియం తగ్గకుండా పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల నుండి దానిని తోడిస్తాయి. వంటకు కట్టెలు లేక ఇంటి దూలాలే ఊడదీసి పొయ్యిలో పెట్టుకొన్నట్లు.

ఏడుకొండలవాని పాదాల చెంత, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఈ విషయాన్ని శోధించినది. 2007లో ప్రకటితమైన వారి అధ్యయనంలో, ఆరోగ్యవంతులుగా కనబడే పట్టణవాసులలోను, పల్లెవాసులలోను ఈ లోపం విస్తారంగా కనబడినది. పల్లెవారి స్థితి కొంత మెరుగు. భోజనంలో కాల్షియం మాత్రం ఉభయులకూ తక్కువే. తిరుపతి ఎండలో ఈ ద్రవ్యం అధికంగా తయారయ్యేది పగలు 11 నుండి 2 గంటల మధ్య అని వారి మరొక పరిశోధన తేల్చినది.

అది విన్నంతనే నాకు మాధ్యాహ్నికం స్ఫురించినది. మిట్టమధ్యాహ్నం సూర్యాభిముఖంగా నిలిచి చేయవలసిన ఆ కర్మను, భక్తుల రద్దీ పేరుతో ఏండ్ల తరబడి ప్రాతఃసంధ్యతోనే కలిపి, కప్పు క్రిందనే ముగించేవాడను. ఋషులకు విటమిన్ డి తెలుసునని నేననను. అది వారికి అంటగట్టే అతిశయోక్తి. విధిని నేను విడిచి, ఫలం రానప్పుడు ప్రారబ్ధాన్ని నిందించడం నా దోషమని మాత్రం అంటాను. ఆయుష్షు దైవ పురుషకారాలు రెండింటిపైనా ఆధారపడునని చరకసంహిత బోధిస్తుంది. ఆ తల్లికి నేను దైవాన్ని మాత్రమే చెప్పి, పురుషకారాన్ని విస్మరించాను.

మరునాడు ఆమె ఇంటికి వెళ్లాను. "అమ్మా, నేను ఆనాడు చెప్పినది సగమే. ప్రదక్షిణలు మానవద్దు, వైద్యునికీ చూపించుకో" అన్నాను. ఆమె కుట్టుమిషను ఆపి, "మీరూ వెళ్లారా పంతులుగారూ?" అని అడిగినది. వెళ్లానన్నాను. ఆమె నన్ను తప్పుపట్టలేదు. అదే నాకు భారమైనది. పరీక్షలో ఆమెకూ అదే లోపమని తేలినది.

ఇప్పుడు ఇరువురమూ వైద్యులు చెప్పిన మోతాదులోనే ఔషధం సేవిస్తున్నాము. స్వబుద్ధితో అధికంగా మింగితే అదీ హానియేనని వారు హెచ్చరించారు. నా మాధ్యాహ్నికం ఆలయప్రాంగణంలో, ఎండలోనే. సాష్టాంగం చేసి లేచేటప్పుడు చేయి ఇంకను స్తంభం వైపు సాగుతూనే ఉన్నది. పట్టుకోవలసిన అవసరం మాత్రం దినదినమూ తగ్గుతున్నది.

స్వస్తి.